కంప్యూటరు చిట్టా – అర్ధరాత్రి గంట

అర్ధరాత్రి దాటిన తరువాత ఫోను మ్రోగితే, ఇంటినుంచి ఏ కబురు వచ్చిందోనని గుండె జల్లుమనడం దేశాంతరంలో ఉంటున్న మనందరికీ అనుభవమే. కంప్యూటరు వృత్తిలో ఉన్నవారి ఇళ్లలో ఈ భయానికి మరొకటి తోడైనది. రాత్రి కావలి వంతు వచ్చిన వారంలో, ఎక్కడో ఉన్న యంత్రం కూడా అదే ఫోనును మ్రోగిస్తుంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో, నా వంతు వచ్చినపుడు యంత్రం ఒక్క రాత్రిలో ముప్పై నలభైసార్లు పిలిచేది. వాటిలో ఒక్కటీ నిజమైన ఆపద కాదు. నాలుగవనాటి రాత్రి విసుగెత్తి, ఫోను మ్రోగకుండా చేసి పడుకున్నాను. నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చామని చెప్పడానికి అన్నయ్య ఫోను చేసినది ఆ రాత్రే. తెల్లవారిన తరువాత గాని నేను చూడలేదు. నాన్నగారు కోలుకున్నారు. కాని యంత్రం మనిషిని ఎప్పుడు పిలవాలి అన్న ప్రశ్న ఆనాటినుంచి నన్ను విడువలేదు. ఆ విషయమై నేర్చుకొన్న నాలుగు మాటలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిట్టా అంటే ఏమిటి?

మన ఊళ్లలో వర్తకుడు ఏనాటి లావాదేవీలను ఆనాడే చిట్టాలో వ్రాసుకొని, తరువాత ఆవర్జాకు ఎక్కించేవాడు. కంప్యూటరు కూడా తాను చేసిన ప్రతి పనినీ అటువంటి చిట్టాలోనే వ్రాసుకొంటుంది. దానిని లాగ్ అంటారు. ఈ మాట ఓడలనుంచి వచ్చినది. పూర్వం నావికులు తాడు కట్టిన కొయ్యముక్కను సముద్రంలోకి విసరి, తాడు జారే వేగాన్నిబట్టి ఓడ వేగాన్ని లెక్కకట్టేవారు. ఆ లెక్కలు వ్రాసుకొన్న పుస్తకానికి కొయ్యముక్క పేరే నిలిచిపోయినది.

1980 దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్‌మన్, సెండ్‌మెయిల్ అనే తన ఉత్తరాల ప్రోగ్రాము కోసం సిస్‌లాగ్ అనే పద్ధతిని రూపొందించారు. ఈ పద్ధతిలో చిట్టాలోని ప్రతి పంక్తికీ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రతాంకం ఉంటుంది. అంకె తగ్గినకొలదీ ఆపద పెరుగుతుంది. 0 అంటే యంత్రం పనికిరాని స్థితి, 3 అంటే పొరపాటు, 6 అంటే ఊరక తెలియజేయడం, 7 అంటే ప్రోగ్రాము వ్రాసేవారికి మాత్రమే అక్కరకు వచ్చే వివరం.

ఒక మధ్యతరహా దుకాణపు వెబ్‌సైటు కూడా రోజుకు లక్షల పంక్తులు వ్రాయగలదు. అన్నిటినీ చదవడం మనుష్యమాత్రునికి సాధ్యం కాదు. అందుచేత స్ప్లంక్, ఎలాస్టిక్‌సెర్చ్, గ్రేలాగ్ వంటి సాఫ్ట్‌వేరులు అన్ని యంత్రాల చిట్టాలనూ ఒకచోటికి చేర్చి, అడిగిన పంక్తులను క్షణాలలో వెదకి ఇస్తాయి. ఒకే ప్రశ్నను నిర్ణీత వ్యవధిలో మరల మరల అడిగి, జవాబు హద్దు దాటినపుడు మనిషికి చెప్పమని ఆ సాఫ్ట్‌వేరుకు ఇచ్చే ఆజ్ఞయే హెచ్చరిక, అనగా ఎలర్టు. ఏమి వెదకాలి, ఎంతకాలంలో వెదకాలి, హద్దు ఎంత, ఎవరికి చెప్పాలి అన్నవి దాని నాలుగు అంగములు.

హద్దు ఎక్కడ గీయాలి?

ఉదాహరణకు, పది నిమిషాలలో పది కొనుగోళ్లు విఫలమైతే పిలవమని ఆజ్ఞ ఇచ్చామనుకొందాం. పగటివేళ ఆ పది నిమిషాలలో పదివేల కొనుగోళ్లు జరుగుతాయి. పది విఫలమైతే వేయింటికి ఒకటి మాత్రమే, మరల ప్రయత్నిస్తే అవి కూడా నెరవేరవచ్చు. అయినా గంట మ్రోగుతుంది. అర్ధరాత్రి నలభై కొనుగోళ్లే ఉంటాయి. వాటిలో ఎనిమిది విఫలమైతే అయిదింట ఒక వంతు నష్టం. అయినా హద్దు దాటలేదు గనుక గంట మ్రోగదు!

అందుచేత సంఖ్యకు బదులు నిష్పత్తిని చూడడం మేలు. నూటికి అయిదు విఫలమైతే పిలవమనవచ్చు. కాని తెల్లవారుజామున మూడు కొనుగోళ్లలో ఒకటి విఫలమైనా నిష్పత్తి నూటికి ముప్పైమూడు అవుతుంది. కనుక నూటికి అయిదు దాటాలి, కనీసం అయిదు విఫలమై ఉండాలి అని రెండు షరతులు కలపాలి. వరుసగా రెండుసార్లు హద్దు దాటితేనే పిలవమంటే, వచ్చిపోయే తాత్కాలిక లోపాలకు నిద్ర చెడదు. ఒకసారి మ్రోగిన హెచ్చరికను కొంతకాలం అణచి ఉంచే సౌకర్యం స్ప్లంక్ వంటి సాఫ్ట్‌వేరులలో ఉన్నది. ఒకే ఆపదకు నలభైసార్లు పిలవకుండా దానిని వాడుకోవాలి.

ఎవరికి చెప్పాలి?

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో జరిగిన సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఏడింటికి ఎక్కించి, ఒకదానిని మరచిపోయారు. ఆ ఉదయం బజారు తెరవకముందే, లోపాన్ని సూచించే 97 ఈమెయిళ్లను ఆ సంస్థ కంప్యూటర్లు సిబ్బందికి పంపినవి. కాని వాటిని హెచ్చరికలుగా ఏర్పాటు చేయలేదు. అటువంటి ఉత్తరాలను వచ్చీ రాగానే చదివే అలవాటు సిబ్బందికి లేదు. బజారు తెరచిన 45 నిమిషాలలో సంస్థకు 46 కోట్ల డాలర్ల నష్టం వచ్చినది. యంత్రం నిజమే చెప్పినది, వినే మనిషి మాత్రం లేడు. పదిమందికి పోయే ఉత్తరం ఎవరికీ పోనట్లే. హెచ్చరిక పేరు గల ఒక వ్యక్తికి చేరాలి. అతడు నిర్ణీత సమయంలో పలకకపోతే రెండవ వ్యక్తికి పోవాలి.

మౌనం కూడా వార్తే

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను, కెనడాలోని ఒంటారియోలోను సుమారు 5 కోట్ల మందికి విద్యుత్తు పోయినది. ఒహాయోలోని ఫస్ట్‌ఎనర్జీ సంస్థ నియంత్రణ కేంద్రంలో హెచ్చరికలు చూపించే సాఫ్ట్‌వేరు, దానిలో దాగి ఉన్న లోపం వలన, మధ్యాహ్నం రెండుగంటలు దాటిన కొద్దిసేపటికే ఆగిపోయినది. ఆగిపోయినట్లు చెప్పే హెచ్చరిక లేదు. తెరమీద కొత్త సంగతి ఏదీ రాకపోవడంతో, అంతా సవ్యంగానే ఉన్నదని ఆపరేటర్లు గంటకు పైగా అనుకొన్నారు. నాలుగు గంటలు దాటేసరికి అంధకారం కమ్మినది.

కనుక చిట్టా వ్రాయడమే ఆగిపోతే మ్రోగే గంట ఒకటి తప్పక ఉండాలి. ప్రతి యంత్రం అయిదు నిమిషాలకొకసారి “ఉన్నాను” అని ఒక పంక్తి వ్రాయాలి. పదిహేను నిమిషాలు ఆ పంక్తి కనబడకపోతే హెచ్చరిక వెళ్లాలి. కావలి కాసే సాఫ్ట్‌వేరు కూడా పడిపోవచ్చు గనుక, దానిని కనిపెట్టేది వేరొక యంత్రంపై ఉండాలి. నెలకొకసారి కావాలనే ఒక లోపం కల్పించి, గంట మ్రోగుతున్నదో లేదో పరీక్షించాలి.

చివరి మాట

“నాన్నా పులి” కథలోని పిల్లవాడు అబద్ధమాడాడు. యంత్రానికి అబద్ధం తెలియదు. మనం గీసిన హద్దును అది పాటిస్తుంది, అంతే. ఏ హెచ్చరికను నెలకొల్పేముందైనా ఒక ప్రశ్న వేసుకోవాలి: దీనివలన నిద్ర లేచిన మనిషి వెంటనే చేయవలసిన పని ఏమిటి? జవాబు ఉంటే దానిని ఆ హెచ్చరికలోనే రెండు వాక్యాలలో వ్రాసి పెట్టాలి. జవాబు లేకపోతే ఆ సంగతి ఉదయపు నివేదికలో చేరవచ్చు. ఆ ప్రశ్నను ఆధారం చేసుకొని మా బృందం హెచ్చరికలను ఒక్కొక్కటిగా పరిశీలించి, సగానికి పైగా తీసివేసినది.

ఇప్పుడు వంతు వచ్చిన వారంలోనూ నా ఫోను తలగడ ప్రక్కనే మ్రోగడానికి సిద్ధంగా ఉంటుంది. అది మ్రోగితే పిలిచినది యంత్రమైనా, అన్నయ్య అయినా, లేవవలసిన అవసరం ఉన్నదనే నమ్మకంతో లేస్తున్నాను.