డెవాప్స్ కోర్సు కట్టే ముందు ఇంట్లో ఒక సర్వర్ నిలబెట్టండి

డిగ్రీ ఆఖరి పరీక్షలు అయ్యాయంటే అమీర్‌పేట హాస్టళ్లలో మంచాలు దొరకవు. మైత్రీవనం చుట్టుపక్కల ఎక్కడ చూసినా కోర్సుల బోర్డులే. నిన్న క్లౌడ్, డెవాప్స్, ఇవాళ ఏఐ. సలహా కోసం నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కోర్సు ఖాయం చేసుకున్నాకే వస్తారు. "మా అక్కగారి అబ్బాయి డెవాప్స్‌లో స్థిరపడ్డాడండీ, మావాణ్ణీ అందులోనే చేర్పిస్తున్నాం" అంటారు. పక్కన కూర్చున్న పిల్లవాడు తల దించుకుని ఉంటాడు. లినక్స్ ఎప్పుడైనా వాడావా నాన్నా అని అడిగితే లేదంటాడు. పునాది లేకుండానే పైఅంతస్తుకు డబ్బు కడుతున్నారు. ఆ బరువంతా మోయాల్సింది ఆ కుర్రవాడే.

ఆ పునాదిలో భాగమైన సర్వర్లు చూసుకోవడం కోడింగ్ రానివాళ్ల పని అనీ, క్లౌడ్ వచ్చాక అదీ పోయిందనీ ఒక అపోహ బలంగా ఉంది. నేను దీన్ని ఒప్పుకోను. బ్యాంకులు, బీమా సంస్థల జావా అప్లికేషన్లు అనేకం ఇప్పటికీ వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్ లాంటి అప్లికేషన్ సర్వర్ల మీదే నడుస్తున్నాయి. క్లౌడ్‌కు మార్చినా అక్కడ అద్దెకు తీసుకున్న యంత్రంలోనో కంటెయినర్‌లోనో మళ్లీ ఒక సర్వర్ నడవాల్సిందే. అది మొరాయించిన రాత్రి కారణం పట్టుకునే మనిషి కావాలి.

ఆ మనిషి కావడానికి మొదటి పాఠం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. లినక్స్ ఉచితం, జావా ఓపెన్ జేడీకే ఉచితం. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ మొదలుపెట్టిన గ్లాస్‌ఫిష్ సర్వర్ ఇప్పుడు ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతిలో ఉంది, అదీ ఉచితమే. దాన్ని దింపుకుని, ఒకే సర్వర్ మీద రెండు వేర్వేరు పేర్లతో రెండు సైట్లు నడపండి. దీనికే వర్చువల్ సర్వర్లు కావాలి. 4848 పోర్టులో మౌస్‌తో నొక్కే అడ్మిన్ తెర ఉంది కానీ దాని జోలికి పోవద్దు. టెర్మినల్ తెరిచి, ఏఎస్‌అడ్మిన్ అనే సాధనంతో, క్రియేట్-వర్చువల్-సర్వర్ అనే కమాండ్‌తోనే పని కానివ్వండి. ఆ కమాండ్‌లో ఏ పేర్లకు జవాబివ్వాలో హోస్ట్స్ అనే ఆప్షన్ దగ్గర, ఏ లిజనర్ మీద వినాలో నెట్‌వర్క్ లిజనర్స్ అనే ఆప్షన్ దగ్గర రాయాలి. తర్వాత అప్లికేషన్‌ను డిప్లాయ్ చేసేటప్పుడు అది ఏ వర్చువల్ సర్వర్‌కు చెందుతుందో చెప్పాలి. డొమైన్ పేరు కొనక్కర్లేదు. మీ యంత్రంలోని ఈటీసీ హోస్ట్స్ ఫైల్‌లో ఆ రెండు పేర్లనూ 127.0.0.1కు కలిపితే సరిపోతుంది.

మొదటిసారి అది పనిచేయకపోవచ్చు. రెండో సైటు పేరు కొట్టి, 8080 పోర్టు పెడితే సర్వర్ మామూలు స్వాగత పేజీ తెరుచుకుంటుంది. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఫిర్యాదు ఉండదు. నిజానికి నేర్చుకునేది ఇక్కడే. బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థనలో హోస్ట్ అనే హెడర్ ఉంటుంది. అందులోని పేరు మీరు రాసిన ఏ వర్చువల్ సర్వర్‌తోనూ సరిపోకపోతే, ఆ లిజనర్‌కు డిఫాల్ట్‌గా ఉన్న సర్వర్ జవాబిస్తుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా ఇంతే. కర్ల్ అనే కమాండ్‌తో హోస్ట్ హెడర్ మార్చి మార్చి పంపి ఈ తేడాను కళ్లారా చూసిన విద్యార్థికి, రేపు ఇంజిన్‌ఎక్స్‌లోనో కుబెర్నెటీస్ ఇన్‌గ్రెస్‌లోనో ఇదే సంగతి ఎదురైతే కొత్తగా అనిపించదు.

కమాండ్ లైన్ మీద నాకింత పట్టుదల ఎందుకంటే, మౌస్‌తో చేసిన పని చేసిన చోటే మిగిలిపోతుంది. కమాండ్‌గా రాసుకున్నది ఇరవై యంత్రాల మీద అలాగే నడుస్తుంది, గిట్‌లో దాచుకోవచ్చు, ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది. డెవాప్స్ అని ఫీజు కట్టించుకుని చెప్పేదానిలో ముఖ్యమైన భాగం ఇదే.

ఇదంతా నేర్చుకోవడానికి బీటెక్కే చదవక్కర్లేదు, బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ చదివినవారూ ఈ దారిలోకి రావచ్చు.

కోచింగే వద్దని నేననను. రెండు మూడు నెలలు ఇంట్లో ఇలా తంటాలు పడ్డాక, తెలియని చోటు ఫలానా అని గుర్తించాక చేరండి. అప్పుడు మీ ప్రశ్నలు మీకుంటాయి. కానీ ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామనే వాళ్ల దగ్గరా, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి ఇచ్చే వాళ్ల దగ్గరా పొలం తాకట్టు పెట్టిన డబ్బు పోయాల్సిన అవసరం ఏ తండ్రికీ లేదు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూస్తే ఆ అబద్ధం బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది. ఆ మచ్చ మోసేది కాగితం ఇచ్చినవాడు కాదు, మీ బిడ్డ.

ఈ పనిలో కష్టాలూ ఉన్నాయి. మార్పులన్నీ సాధారణంగా రాత్రిపూటే చేస్తారు, సెలవు రోజున ఫోన్ రావచ్చు. రాత్రి డ్యూటీ పడని ఆరోగ్యం ఉన్న పిల్లలను ఇందులోకి తోయకండి. టెర్మినల్ ముందు రెండు వారాలు కూర్చున్నాక, నాకిది నచ్చలేదని మీ అమ్మాయి చెబితే ఆ మాట వినండి. అప్పటికి మీకైన ఖర్చు ఇంటర్నెట్ బిల్లు మాత్రమే.

నచ్చితే మాత్రం రాసిన కమాండ్లు, వచ్చిన తప్పులు, దిద్దిన తీరు రోజూ నోట్స్‌గా గిట్‌లో పెట్టమనండి. రెజ్యూమెలో పది టూల్స్ పేర్ల బదులు ఆ లింకు ఒక్కటి ఇవ్వమనండి. సర్టిఫికెట్ కావాలనుకుంటే తర్వాత రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు వెళ్లవచ్చు. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, యంత్రం ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు.