చేతికి విరామము, చేనేతకు బలము

చిన్న వృత్తిని నమ్ముకొని జీవించువాడు పేరునకు తన పనికి తానే యజమాని. అయినను అనేక గృహములలో ఆ యజమానికి తీరిక యన్నది లేదు. తెల్లవారినది మొదలు దీపము పెట్టువరకు చేయి ఆడవలయును. చేయి ఆడనినాడు పొయ్యిలో పిల్లి లేవదు. ఇట్టివారికి యంత్రము శత్రువా, మిత్రమా? ఈ ప్రశ్నకు సమాధానమును మన చేనేత గ్రామములలోనే చూడవచ్చును.

ఆసు అనగానేమి?

పోచంపల్లి చీరపై కనబడు రూపములు నేసిన పిమ్మట అద్దినవి కావు. నేయుటకు ముందే పోగులను లెక్క ప్రకారము కట్టి, రంగులలో ముంచుదురు. కట్టిన చోట రంగు అంటదు. అట్లు కట్టుటకు పూర్వము పేక పోగులను వరుస తప్పక పేర్చవలయును. దీనినే ఆసు పోయుట యందురు. అర్ధచంద్రాకారముగ మేకులు నాటిన చట్రమొకటి యుండును. మధ్యనున్న మేకు నుండి అంచున నున్న మేకునకు, అచటి నుండి మరల మధ్యకు దారమును త్రిప్పుచు పోవలయును.

ఒక్క చీరకు చేయి సుమారు 9,000 పర్యాయములు ఇట్లు తిరుగును. నాలుగైదు గంటలు పట్టును. లెక్క తప్పినచో రూపము చెదరును. ఈ పని సాధారణముగ ఇంటి ఆడువారి పాలిట పడును. ఏండ్ల తరబడి చేసినవారికి భుజము, మోచేయి నొప్పులు, కంటి బాధ తప్పవు.

యంత్రము పుట్టిన విధము

ఆలేరు ప్రాంతమందలి శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబమున జన్మించిన చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు మానినవాడు. ఆసు పోయు తల్లి లక్ష్మి పడు నొప్పిని చూచి, ఆ కదలికను యంత్రముచే చేయింపవలెనని 1992లో యత్నము ప్రారంభించెను. ధనము చాలక, హైదరాబాదు చేరి కూలిపని చేయుచు, మిగిల్చినదానితో ఒక్కొక్క భాగమును సమకూర్చుకొనెను. 1999లో బాలానగరమున విద్యుత్తు పని చేయుచుండగా అచటి యంత్రమొకదాని కదలిక ఆయన దృష్టి నాకర్షించెను. అట్టి భాగమునే తయారుచేసి తన యంత్రమునకు అమర్చగా పని నెరవేరినది. తల్లి పేర అది లక్ష్మీ ఆసు యంత్రమైనది. చీరకు నాలుగైదు గంటలు పట్టు ఆసు గంటన్నరలో ముగియుచున్నది. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది.

ఏది అప్పగింపవలెను?

ఈ యంత్రము నేతగాని చేతినుండి ఏమి తీసికొన్నదో గమనింపుడు. ప్రతిసారి ఒకే తీరున సాగునట్టిది, లెక్కకు లోబడునట్టిది, క్రొత్త ఆలోచన కోరనట్టిది ఆ చాకిరి. రూపమును కల్పించుట, రంగులను ఎంచుట, మగ్గముపై నేయుట మనుష్యుని చేతనే యున్నవి. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి వస్త్రముల విలువ ఆ నేర్పులోనే కలదు. కనుక ఏ వృత్తియందైనను చాకిరిని యంత్రమునకు అప్పగింపవలెను. నేర్పును తన యొద్ద నిలుపుకొనవలెను.

మిగిలిన గంటలు ఎవరివి?

నెలకు 8 చీరలు నేయు ఇంటిని తలంపుడు. చీరకు 5 గంటల వంతున చేతితో 40 గంటలు. యంత్రముతో 12 గంటలు. మిగులు 28 గంటలు. ఈ గంటలను మరియొక చాకిరితో నింపినచో యంత్రము తెచ్చియు ఫలము లేదు. వీనిపై మొదటి హక్కు ఇంతకాలము భుజము నొప్పి భరించిన ఇల్లాలిది. ఆమెకు విశ్రాంతి కావలెను. పిదప జమాఖర్చులు వ్రాయుటకు, క్రొత్త రూపములు గీయుటకు, కొనుగోలుదారులతో స్వయముగ మాటాడుటకు కాలము చిక్కును. లెక్క తెలిసిన ఇంటిని దళారి సులభముగ మోసగింపజాలడు.

కొనుటకు ముందు

1. యంత్రమునకు నెలలో ఎన్ని దినములు పని యుండునో లెక్కింపుడు. పని లేక మూలనున్న యంత్రము అప్పును మాత్రమే పెంచును.

2. ఒక ఇంటి పని చాలనిచో మూడు నాలుగు ఇండ్లవారు కలిసి కొనుడు. వంతులను, మరమ్మతు ఖర్చును ముందే వ్రాసికొనుడు.

3. కూలికి ఆసు పోసి జీవించు స్త్రీలు ఊరిలో నున్నచో యంత్రము నడుపుట మొదట వారికే నేర్పుడు. ఒకరి తీరిక మరియొకరి పస్తు కారాదు.

4. నడుపువారే యంత్రమును విప్పుట, బిగించుట, నూనె వేయుట నేర్చుకొనవలయును. లేనిచో చేతిచాకిరి తప్పి మరమ్మతు చేయువాని కొరకు పడిగాపులు పడవలసివచ్చును.

5. పాత చట్రమును పారవేయకుడు. విద్యుత్తు లేనినాడు అదియే ఆదుకొనును.

తల్లి నొప్పిని చూచిన కుమారుడు చదువు లేదని, ధనము లేదని ఆగలేదు. మన ఇంట కూడ నోరు మెదపక నొప్పిని భరించు చేయి యెవరిదో నేడే చూతము. యంత్రమును ఎంచుకొను పని అచటినుండియే ఆరంభము కావలెను.