మేలు కొరకు కీడు చేయవచ్చునా?

పఠన భాగములు: మార్కు 3:1-6; 1 సమూయేలు 21, 22 అధ్యాయములు; రోమా 3:8.



మన యిండ్లలో యౌవనస్థులు అనేకులు భీకరమైన కథలను తెరమీద చూచుచున్నారు. వద్దని గద్దించి ఊరకుండుటకంటె, వాటిలో ఒకదానిని వాక్యపు వెలుగులో పరీక్షించుట మేలని మేము తలంచితిమి.

ఆ ధారావాహిక పేరు ‘మిడ్‌నైట్ మాస్’, అనగా అర్ధరాత్రి ఆరాధన. అమెరికా దర్శకుడైన మైక్ ఫ్లానగన్ తీసిన యీ కథ 2021 సెప్టెంబరు 24న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయ్యెను. దీనిలో 7 భాగములున్నవి. ఆదికాండము మొదలుకొని ప్రకటన వరకు అన్నిటికిని బైబిలు సంబంధమైన పేర్లే. రక్తపాతము గల కథ గనుక ఇది చిన్నపిల్లలకు తగదు.

క్రాకెట్ అను కల్పిత ద్వీపములో 127 మంది నివసించుచుందురు. వారి వృద్ధ గురువైన ప్రూయిట్ పరిశుద్ధ దేశమునకు యాత్ర వెళ్లి, మతిమరపుచేత దారితప్పి, ఒక గుహలో రెక్కలుగల రక్తపిశాచికి చిక్కెను. దాని రక్తము త్రాగి యౌవనుడాయెను. దానిని దేవదూతయని నమ్మి వెంట తెచ్చెను. ఫాదర్ పాల్ అను మారుపేరుతో వచ్చి, సంస్కారపు ద్రాక్షారసములో ఎవరికిని తెలియకుండ ఆ రక్తమును కలిపెను. నడువలేని లీజా అను బాలిక నడిచెను. ఖాళీగానున్న దేవాలయము నిండెను.

1. ఫలితమే రుజువు కాదు

అద్భుతము జరిగినది గనుక ఇది దేవుని కార్యమేయని ప్రజలు అనుకొనిరి. సూచక క్రియ నెరవేరినను, అది దేవునినుండి మనలను తొలగించునేమో చూడుడని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది. రక్తము తినకూడదని లేవీయకాండము 17లో స్పష్టముగా నున్నది. గురువు ఆ ఆజ్ఞ ఎరుగనివాడా? ఎరుగును. అయితే పూర్వము తాను ప్రేమించిన స్త్రీతోను, ఆమెకు తనవలన కలిగిన కుమార్తెతోను మరల బ్రదుకవలెనను ఆశ అతనిని గ్రుడ్డివానిగా చేసెను. దేవుని పేరిట చేసినది తన కొరకే చేసితినని కడపట ఒప్పుకొనెను.

2. వాక్యమును అడ్డుపెట్టుకొనుట

ఆ గురువు జో కోలీ అను త్రాగుబోతు రక్తము త్రాగి అతని చావుకు కారకుడాయెను. సంఘములో పెద్దరికము చేయు బెవ్ కీన్ అను స్త్రీ లేఖనములు చూపి దానిని సమర్థించి, శవమును మాయము చేయించెను. సాతాను కూడ ప్రభువునొద్ద కీర్తనను వల్లించెనని మత్తయి 4లో చదువుచున్నాము. మేలు కలుగుటకై కీడు చేయుదమను మాటను పౌలు రోమా 3:8లో ఖండించెను.

3. మన ప్రభువు విశ్రాంతిదినమును మీరెను గదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. మార్కు 3లో ఆయన ఊచచెయ్యి గలవానిని విశ్రాంతిదినమున స్వస్థపరచెను. ఎక్కడ? సమాజమందిరములో, అందరి మధ్య నిలువబెట్టి. ఆ క్రియకు వెల ఎవరు చెల్లించిరి? ఆయనే, పరిసయ్యులు ఆయనను చంపుటకు ఆలోచన చేసిరి. దావీదు ఆకలిగొని సముఖపు రొట్టెలు తినుటను ప్రభువు తప్పుపట్టలేదు. కాని రాజు పనిమీద వచ్చితినని దావీదు అబద్ధమాడెను. ఆ అబద్ధము వలన ఏమియు నెరుగని 85 మంది యాజకులు దోయేగు చేత హతులైరి. వారి చావుకు తానే కారకుడనని దావీదు ఒప్పుకొనెను.

కాబట్టి రెండు ప్రశ్నలు వేసికొందము: ఇది పగటివెలుగులో చేయదగినదా? దీని వెల నేను చెల్లించుదునా, ఇతరులచేత చెల్లింపజేయుదునా?

కథలో రైలీ అను యువకుడు త్రాగి కారు నడిపి ఒక యువతి చావుకు కారకుడై చెరసాల అనుభవించినవాడు. దేవునియందు విశ్వాసము పోగొట్టుకొనినవాడు. వారు అతనిని కూడ రక్తము త్రాగువానిగా మార్చిరి. అయినను అతడు ఎవరి రక్తమును త్రాగనొల్లక, రహస్యమును స్నేహితురాలికి తెలియజేసి, పడవలో సూర్యోదయమునకు కనిపెట్టి కాలిపోయెను. గురువు సంఘమునంతటిని నాశనమునకు నడిపించెను. అవిశ్వాసి తానే వెల చెల్లించెను. దీనిని చదువుచు మనము సిగ్గుపడవద్దా?

ఇది కథోలికుల తప్పిదమని మనము తప్పించుకొనరాదు. సంఘమునకు చెడ్డపేరు వచ్చునని పెద్దల దోషమును కప్పిపుచ్చునప్పుడు, దేవుని పనికే గదాయని లెక్కలు మార్చి వ్రాయునప్పుడు, మనమును ఆ పాత్రలో ఏదో కలుపుచున్నాము. త్రాగువారు బీదలు, చిన్నవారు, నమ్మినవారు.

కడపట ద్వీపమంతయు కాలిపోగా, పడవలో ఇద్దరు పిల్లలు మాత్రమే మిగిలిరి. వారిలో లీజా ఒకతె; సూర్యోదయము తరువాత తన కాళ్లలో స్పర్శ తెలియుట లేదని చెప్పెను. దొంగిలించిన స్వస్థత నిలువలేదు. అయితే తన్ను కుంటిదానిగా చేసిన జో కోలీని ఆమె ముందే క్షమించియుండెను. ఆ క్షమాపణను ఏ ఉదయకాలపు ఎండయు కాల్చలేదు.

ధ్యానించవలసిన ప్రశ్నలు

1. సంఘము మేలు కొరకని మనము దాచిన దేదైన ఉన్నదా?
2. దాని వెల ఇప్పుడు ఎవరు చెల్లించుచున్నారు?
3. దానిని వెలుగులోనికి తెచ్చుటకు ఈ నెలలో ఎవరితో మాటలాడవలెను?