ఒక ప్యాకెట్టు - ఒక లీటరు



ఒక వర్షాకాలంలో ఏజెన్సీ గ్రామం నుండి ఒక తల్లి ఏడాదిన్నర బాబును వార్డుకు తెచ్చింది. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. "ఓ.ఆర్.ఎస్. పట్టావా అమ్మా?" అని అడిగాను. "నాలుగు ప్యాకెట్లు పట్టానండి" అంది. నాలుగు ప్యాకెట్లంటే నాలుగు లీటర్లు. అంత పసివాడు అన్ని నీళ్ళు తాగడు కదా! "దేనిలో కలిపావు?" అంటే సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి చూపించింది. "చిక్కగా ఉంటే బలం కదండీ" అంది.

దేవుని దయవలన డాక్టరుగారు వెంటనే చూశారు, బాబు కోలుకున్నాడు. కాని ఆ తప్పు ఆ తల్లిది కాదు. ఎన్నో ఏళ్ళుగా నేను కూడా ప్యాకెట్టు చేతిలో పెట్టి "నీళ్ళలో కలిపి పట్టమ్మా" అని మాత్రమే చెప్పేదాన్ని. ఎన్ని నీళ్ళో చెప్పేదాన్ని కాదు. అందుకే ఈ పాఠం.

కరగడం అంటే ఏమిటి?

గ్లాసు నీళ్ళలో చెంచా ఉప్పు వేసి కలిపితే ఉప్పు కనబడదు. కాని రుచి చూస్తే ఉంది. ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అనే అతి సూక్ష్మ కణాలుగా విడిపోయి అంతటా సర్దుకుంటుంది. పంచదార కూడా అలాగే కరుగుతుంది గాని దాని అణువులు ముక్కలు కావు. నీరు ద్రావణి, కరిగేది ద్రావితం, రెండూ కలిసినది ద్రావణం అని పిల్లలు బడిలో చదువుకుంటారు.

కరగడానికి హద్దు ఉంది. 100 మి.లీ. నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఆపైన వేసినది అడుగున నిలుస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఆ హద్దు చాలా దూరంలో ఉంది కాబట్టి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు గ్లాసుడు నీళ్ళలో కూడా కరుగుతుంది. కంటికి తేడా తెలియదు. కరిగినంత మాత్రాన సరిగా కలిపినట్లు కాదు. కొలతే చెప్పాలి.

గాఢతను ఎలా కొలుస్తారు?

ఎంత ద్రావణంలో ఎంత ద్రావితం ఉన్నదో చెప్పేదే గాఢత. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే 100 మి.లీ.లో 0.9 గ్రాము ఉప్పు, లీటరులో 9 గ్రాములు. నీటిలో ఫ్లోరైడ్ వంటివి అతి తక్కువగా ఉంటాయి కాబట్టి వాటిని లీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు.

లీటరు ఓ.ఆర్.ఎస్.లో ఉండవలసినవి:
గ్లూకోజు - 13.5 గ్రాములు
ఉప్పు - 2.6 గ్రాములు
పొటాషియం క్లోరైడ్ - 1.5 గ్రాములు
సోడియం సిట్రేట్ - 2.9 గ్రాములు
మొత్తం - 20.5 గ్రాములు

గ్లూకోజు తీసేస్తే లవణాలు 7 గ్రాములు. ఆ ప్యాకెట్టునే 200 మి.లీ. గ్లాసులో కలిపితే లీటరుకు 35 గ్రాముల లెక్క అవుతుంది. సముద్రపు నీటిలో ఉండే లవణాలు కూడా లీటరుకు సుమారు 35 గ్రాములే! కొల్లేరు నీరు ఉప్పుటేరు గుండా వెళ్ళి కలిసే ఆ సముద్రపు నీటిని దాహంతో ఉన్న బిడ్డకు ఎవరైనా పడతారా?

చిక్కగా ఉంటే ఏమవుతుంది?

చేపలకు ఉప్పు పట్టిస్తే లోపలి నీరు బయటకు ఊరుతుంది. పలుచన వైపు నుండి చిక్కన వైపుకు నీరు లాగబడుతుంది. పేగులో చిక్కని ద్రావణం ఉంటే అది కూడా ఒంట్లోని నీటిని లాగుతుంది. విరేచనం పెరుగుతుంది, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. మరీ పలుచగా కలిపితే పోయిన లవణాలు తిరిగి అందవు.

సరైన పాళ్ళలో ఉంటే గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకొని పేగు గోడలోకి వెళ్తుంది, వాటి వెనుక నీరు వెళ్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూచి కలిపించి నోటి ద్వారా పట్టించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ద్రావణాన్ని ఇంకా పలుచన చేసింది. చిక్కదనంలో బలం లేదనడానికి ఇదే సాక్ష్యం.

బజారులో అట్టపెట్టెలలో దొరికే తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటిలో పంచదార ఎక్కువ. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడరాదని ఆదేశించింది.

ఇంట్లో ఇలా చేయండి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. లీటరు నీటిని కాచి చల్లార్చండి. లీటరు నీళ్ళ సీసాతో కొలవండి.
2. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వేయండి. 200 మి.లీ.కి చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, మీద ఉన్న కొలత చదవండి, లేదా చదివించుకోండి.
3. పంచదార, పాలు, పండ్లరసం చేర్చవద్దు. కలిపిన తరువాత కాచవద్దు. నీరు ఆవిరైపోయి లవణాలు మిగిలి చిక్కబడుతుంది.
4. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., ఆపై పదేళ్ళ వరకు 100 నుండి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు మానవద్దు.
5. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.
6. ప్యాకెట్టు దొరకకపోతే, దొరికేవరకు లీటరు నీటికి సమంగా గీసిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలపండి.

బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనబడినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చాడు. ఉప్పు కొంచెమే గాని తగినంత ఉంటేనే మేలు. ఈ మాట మీ పక్కింటి తల్లికి కూడా చెప్పండి. దేవుడు మీ పిల్లలను క్షేమముగా కాపాడును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్, జంగారెడ్డిగూడెం