పాల పరీక్ష యంత్రానికి కరెంటు పోటు తగలకుండా

నేడు అనేక సంఘాలలో పాలు తూచే కాటా, వెన్న శాతం చూసే యంత్రం, రశీదు అచ్చువేసే యంత్రం అన్నీ ఎలక్ట్రానిక్ పరికరాలే. దూరాన పిడుగు పడినా, పోయిన కరెంటు తిరిగి వచ్చినా తీగలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి వీటిని కాల్చివేయవచ్చును. సేకరణ వేళ యంత్రం మూగబోతే వెన్న శాతం మీద తగాదా, చెల్లింపు మీద అనుమానం తప్పవు.

దీనికి విరుగుడు వేరిస్టర్ అనే చిన్న బిళ్ళ. జింక్ ఆక్సైడుతో చేస్తారు. మామూలు 230 వోల్టుల వద్ద ఇది కరెంటును దాదాపు పోనివ్వదు. వోల్టేజి బాగా ఎగసినప్పుడు మాత్రం దారి తెరచి ఆ పోటును ఎర్తుకు మళ్ళిస్తుంది. చెరువుకు అలుగు ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

అయితే బిళ్ళ బిగించిన చోట కూడా యంత్రాలు కాలుతుంటాయి. కారణమేమిటి? పిడుగును తెచ్చి పరీక్షించలేము కదా! అందుచేత ఇంజనీర్లు తీగలను, బిళ్ళను, యంత్రాన్ని అంకెల రూపంలో కంప్యూటరులో అమర్చి, మైక్రోసెకండు వెంట మైక్రోసెకండు ఎక్కడ ఎంత వోల్టేజి వస్తుందో లెక్క తీస్తారు. 1970 దశకంలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తయారైన స్పైస్ అనే ప్రోగ్రాము ఇందుకు పేరుపొందినది.

ఈ లెక్కలో దోషం తరచు బిళ్ళది కాదు, దానిని కలిపే తీగది అని తేలుతుంది. 3,000 ఆంపియర్ల పోటు 8 మైక్రోసెకండ్లలో ఎగసిందనుకొందాం. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్సు ఉంటుంది. కనుక ఆ మీటరు తీగ మీదనే 375 వోల్టులు వస్తాయి. బిళ్ళ వద్ద మిగిలే వోల్టేజికి ఇది అదనం. రెండూ కలిసి యంత్రం మీద పడతాయి. తీగ 20 సెంటీమీటర్లే అయితే అదనం 75 వోల్టులే!

కాబట్టి బిళ్ళకు వచ్చే, పోయే తీగలు జానెడుకు మించకుండా తిన్నగా ఉండాలి. మిగిలిన తీగను ముచ్చటగా చుట్టచుట్టి కట్టే అలవాటు మన ఎలక్ట్రీషియన్లలో కొందరికి ఉన్నది. ఇక్కడ అది కీడే. యంత్రానికొక ఎర్తు, బిళ్ళకొక ఎర్తు విడివిడిగా పెట్టరాదు.

దెబ్బలు తిన్నకొద్దీ బిళ్ళ బలహీనపడుతుంది. సూచిక దీపం ఉన్న రకం కొని, ఆ దీపాన్ని కార్యదర్శి గమనిస్తూ ఉండాలి.

న్యూట్రల్ తీగ తెగినప్పుడు వోల్టేజి 400 దాకా పెరిగి నిమిషాల తరబడి నిలువవచ్చును. అప్పుడు బిళ్ళే కాలిపోతుంది. దానికి హై వోల్టేజిలో తానే ఆగిపోయే కటాఫ్ గల స్టెబిలైజరు వేరుగా ఉండవలసిందే.