పేరు నిలబెట్టుకున్న రాణి: క్వీన్ లతీఫా
(పెద్ద తరగతుల పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం)

పిల్లలూ! 'ఐస్ ఏజ్' సినిమాలు మీలో చాలామంది చూసే ఉంటారు. 2006లో వచ్చిన రెండవ సినిమాలో ఎల్లీ గుర్తుందా? తాను మామత్ అయి ఉండి కూడా చిన్న పోసమ్‌ననే నమ్మకంతో చెట్టుకొమ్మకు తలకిందులుగా వేలాడుతుంది. ఆ ఎల్లీకి గొంతు ఇచ్చిన నటి పేరు క్వీన్ లతీఫా. ఆమె సినిమాల్లోకి రాకముందే పేరున్న ర్యాప్ కళాకారిణి.

వేమన, పోతన, గురజాడ ఉండవలసిన చోట ఈ హిప్ హాప్ ఏమిటని పెద్దలు అడగవచ్చు. మన పిల్లలు చెవులకు తగిలించుకుని వినేవాటిలో ఈ పాటలు చాలానే ఉంటాయి. వాటిలో బూతులు ఉంటాయని మనం తలుపు వేసేస్తాం. కొన్నిటిలో ఉన్న మాట నిజమే. అయితే ఆ బూతులను అదే సంగీతంలో, అదే తాళంతో నిలదీసిన ఒక అమ్మాయి ఉందని పిల్లలకు మనం కాక ఎవరు చెబుతారు? పైగా తెలుగులో 'పేరు' అనే మాట చుట్టూ ఉన్న నుడికారాలు నేర్చుకోవడానికి ఆమె కథ చక్కగా పనికొస్తుంది. అందుకే ఈ పాఠం.

హిప్ హాప్ పుట్టిన చోటు

హిప్ హాప్ పుట్టినరోజుగా 1973 ఆగస్టు 11ను చెబుతారు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడులు తెరవబోతున్నాయి, కొత్త బట్టలు కొనుక్కోవాలి, దానికి డబ్బు కావాలి. పాటలు వినిపించే పని అన్నయ్య క్లైవ్‌ది. అతన్నే డీజే కూల్ హెర్క్ అంటారు. ఆ కుటుంబం జమైకా నుంచి వలస వచ్చింది. అంటే ఈ కళ మొదట్లోనే మనలాంటి ఒక వలస కుటుంబం ఉంది.

పాటలో గొంతు ఆగి తాళం ఒక్కటే వినిపించే చోట జనం ఉత్సాహంగా ఆడడం కూల్ హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు యంత్రాల మీద పెట్టి, ఆ చిన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ వచ్చేలా చేశాడు. ఆ తాళం మీద లయగా మాటలు చెప్పడం పెరిగి పెరిగి ర్యాప్ అయింది.

ఇక్కడ మన తెలుగు పాఠం ఒకటి గుర్తు చేసుకుందాం. మన వృత్తాల్లో, కందంలో ప్రతి పాదంలోను రెండవ అక్షరం కలవాలి. దానినే ప్రాస అంటాం. 'రాముడు', 'కోమలి' అన్న మాటలు పాదాల మొదట వస్తే మకారం ప్రాస అవుతుంది. ర్యాప్‌లో కలయిక ఎక్కువగా పంక్తి చివర ఉంటుంది. 'చినుకు', 'వణుకు' అన్నట్టు. అది మన అంత్యప్రాస. నడిమి మాటలను కలపడం కూడా వాళ్ళకు ఇష్టమే. అప్పటికప్పుడు అల్లి చెప్పడాన్ని ఫ్రీస్టైల్ అంటారు. అవధానంలో ఆశువు విన్నవారికి ఆ సరదా కొత్త కాదు. అవధాని ఛందస్సుకు కట్టుబడతాడు, ర్యాపర్ తాళానికి కట్టుబడతాడు.

పేరు పెట్టుకోవడం

నెవార్క్ మనకు తెలియని ఊరు కాదు. ఎందరో తెలుగువాళ్ళు అమెరికాలో మొదట అడుగుపెట్టింది ఆ ఊరి విమానాశ్రయంలోనే. ఎడిసన్‌లో ఉన్నవారికి అది పొరుగూరు కిందే లెక్క. ఆ నెవార్క్‌లో 1970 మార్చి 18న డేనా ఎలైన్ ఓవెన్స్ పుట్టింది. నాన్న లాన్సెలాట్ పోలీసు ఉద్యోగి. అమ్మ రీటా ఇర్వింగ్టన్ హైస్కూల్లో పంతులమ్మగా పనిచేసింది. డేనా చిన్నతనంలోనే అమ్మానాన్నలు విడిపోయారు.

ఎనిమిదేళ్ళ వయసులో డేనా అరబిక్ పేర్ల పుస్తకం తిరగేస్తూ 'లతీఫా' అన్న పేరు దగ్గర ఆగింది. సున్నితమైనది, దయగలది అని దానికి అర్థం. తరువాత హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడిన ఒడ్డూపొడుగూ గల పిల్ల ఆమె. చూసేవారికి ఆమెలో బలం కనబడుతుంది. ఆమె మాత్రం తనలోని మెత్తదనానికి పేరు పెట్టుకుంది. పాటలు రికార్డు చేసే రోజులు వచ్చాక దాని ముందు 'క్వీన్' చేర్చుకుంది. చాలామంది ర్యాపర్లు పేరు ముందు 'ఎంసీ' తగిలించుకునే కాలం అది.

పిల్లలూ, పేరు చిన్న విషయం కాదని మీకు బాగా తెలుసు. బడిలో హాజరు పిలిచేటప్పుడు టీచరు మీ పేరు దగ్గర తడబడితే 'ఎలా పిలిచినా ఫరవాలేదు' అని ఊరుకున్నవాళ్ళు మీలో ఉన్నారు. వెంకట కృష్ణ 'క్రిస్' అవుతాడు, సమీర 'సామ్' అవుతుంది. ముద్దుపేరు ఉంటే తప్పు లేదు. అది మీరు కోరి పెట్టుకున్నదా, ఎదుటివారికి నోరు తిరగక మీకు అంటుకున్నదా అని మాత్రం ఒకసారి ఆలోచించండి.

పేరు తెచ్చుకోవడం

హైస్కూలు రోజుల్లో లతీఫా 'లేడీస్ ఫ్రెష్' అనే అమ్మాయిల బృందంలో బీట్‌బాక్స్ చేసేది. అంటే నోటితోనే డప్పుల శబ్దం పలికించడం. తరువాత నెవార్క్ పరిసరాల కళాకారుల జట్టు 'ఫ్లేవర్ యూనిట్'లో చేరింది. ఆమె పాడిన నమూనా టేపు ఎంటీవీ ర్యాప్ కార్యక్రమాన్ని నడిపిన ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ చేతికి చేరడం, టామీ బాయ్ అనే రికార్డు కంపెనీ ఆమెను తీసుకోవడం వెంటవెంటనే జరిగాయి. 1989లో మొదటి ఆల్బమ్ 'ఆల్ హెయిల్ ద క్వీన్' వచ్చింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్ళు.

అందులో బ్రిటిష్ ర్యాపర్ మోనీ లవ్‌తో కలిసి పాడిన 'లేడీస్ ఫస్ట్' బాగా వినబడింది. ర్యాప్ మగవాళ్ళ ఆట, ఆడవాళ్ళు పక్కన నిలబడి చూడాలి అన్న ధోరణికి ఆ పాట జవాబు. దాని వీడియోలో హ్యారియెట్ టబ్‌మన్, సోజర్నర్ ట్రూత్ వంటి స్త్రీల చిత్రాలు, దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష మీద సాగుతున్న పోరాటపు దృశ్యాలు చేర్చారు. పాట వినడానికి వచ్చిన పిల్లలు కాస్త చరిత్ర కూడా చూసి వెళ్ళారు.

పేర్లు పెట్టేవారికి జవాబు

తెలుగులో 'పేరు పెట్టడం' వేరు, 'పేర్లు పెట్టడం' వేరు. రెండవదానికి వంకలు పెట్టడం, మాటలనడం అని అర్థం. 1993లో లతీఫా ఈ రెండవ రకం వారికి ఎదురు నిలిచింది.

దానికి ముందు ఏడాది ఆమె ఇంట్లో పెద్ద దుఃఖం జరిగింది. పోలీసు ఉద్యోగి అయిన అన్న లాన్సెలాట్ జూనియర్ 1992లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ బండి ఆమె కొనిపెట్టినదే. ఆ బండి తాళంచెవిని ఆమె చాలాకాలం మెడలో గొలుసుకు వేసుకుని తిరిగింది. మరుసటి ఏడాది వచ్చిన 'బ్లాక్ రెయిన్' ఆల్బమ్‌ను అన్నకే అంకితం చేసింది.

ఆ ఆల్బమ్‌లోనే 'యూనిటీ' అనే పాట ఉంది. దారిన పోయే ఆడపిల్లను నోటికొచ్చిన మాటతో పిలిచేవాడిని ఆ పాట మొదట నిలదీస్తుంది. తరువాత ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ, దానినుంచి బయటపడాలన్న ఆమె తెగింపు వస్తాయి. చివరకు రౌడీ మూకలో చేరి గొప్ప అనిపించుకోవాలనుకునే అమ్మాయిని కూడా మందలిస్తుంది. అంటే తప్పు ఎక్కడుంటే అక్కడ చెప్పింది, మగవాళ్ళను మాత్రమే తిట్టి ఊరుకోలేదు. ఆ రోజుల్లో ఎన్నో ర్యాప్ పాటలు స్త్రీలను ఏ మాటలతో పిలిచేవో, ఆ మాటలను ఎత్తి చూపి 'ఎవరిని అంటున్నావు?' అని అడగడం సాహసమే. ఆ పాటకు 1995లో ఉత్తమ ర్యాప్ సోలో ప్రదర్శనగా గ్రామీ బహుమతి వచ్చింది.

పాట నుంచి తెరకు

1991లో స్పైక్ లీ తీసిన 'జంగిల్ ఫీవర్'లో హోటల్లో వడ్డించే అమ్మాయిగా చిన్న వేషంతో ఆమె నటన మొదలైంది. 1993లో ఫాక్స్ టీవీలో 'లివింగ్ సింగిల్' వచ్చింది. బ్రూక్లిన్‌లో ఉండే స్నేహితుల కథ అది. అందులో ఆమె ఖదీజా జేమ్స్, సొంతంగా పత్రిక నడుపుకునే సంపాదకురాలు. 'ఫ్రెండ్స్' మొదలవడానికి ఏడాది ముందే వచ్చిన ఈ హాస్య ధారావాహిక 1998 వరకు అయిదు సీజన్లు నడిచింది. శీర్షిక గీతం పాడింది కూడా ఆమే.

2002లో వచ్చిన సంగీత చిత్రం 'షికాగో'లో ఆమె జైలు అధికారిణి మామా మార్టన్. లంచం తీసుకుంటూనే ఖైదీలను బుజ్జగించే ఆ పాత్రకు సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బహుమతి అదే సినిమాలో నటించిన కేథరిన్ జీటా జోన్స్‌కు దక్కింది. 2007లో 'లైఫ్ సపోర్ట్' అనే టీవీ సినిమాలో హెచ్ఐవీ సోకిన తల్లిగా నటించి గోల్డెన్ గ్లోబ్ అందుకుంది. అదే ఏడాది 'హెయిర్‌స్ప్రే'లో కూడా కనిపించింది.

ర్యాప్ నుంచి నటనకు ఇంత సులువుగా ఎలా వెళ్ళగలిగింది? మాకు తోచిన సమాధానం ఇది. ర్యాపర్‌కు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియాలి. ఏ మాట మీద ఊనిక వేయాలో, ఎక్కడ క్షణం ఆగాలో తెలియాలి. వేగంగా చెప్పినా ప్రతి అక్షరం వినబడాలి. నటుడికి కావలసినవీ ఇవే. మన తరగతిలో పద్యం చదివించేటప్పుడు ఒత్తులు మింగవద్దని, పాదం మధ్య ఊపిరి తీయవద్దని మేము పదే పదే చెప్పేది కూడా ఇందుకే. పలుకు తీరు బాగుంటే పాటైనా, మాటైనా, నాటకమైనా రాణిస్తుంది.

పేరు నిలబెట్టుకోవడం

పేరు తెచ్చుకోవడం కంటే నిలబెట్టుకోవడం కష్టమని మన పెద్దలు అంటారు. లతీఫా స్నేహితుడు షకీమ్ కంపేర్‌తో కలిసి 'ఫ్లేవర్ యూనిట్' పేరుతోనే సంస్థ నడిపింది. చిన్ననాటి జట్టు పేరు వదలలేదు. ఆ సంస్థ ద్వారా ఇతర కళాకారులకు దారి చూపింది, తరువాత సినిమాలు, టీవీ కార్యక్రమాలు నిర్మించింది. ఆమె చేపట్టిన ప్రతి పనీ నిలవలేదు. ఆమె పేరుతో టాక్ షో 1999 నుంచి 2001 వరకు ఒకసారి, 2013 నుంచి 2015 వరకు మరొకసారి నడిచి ఆగిపోయింది. ఆమె ఆగలేదు.

2004లో ఆమె ర్యాప్ పక్కనపెట్టి పాత జాజ్, సోల్ పాటలు పాడిన ఆల్బమ్‌కు 'ద డేనా ఓవెన్స్ ఆల్బమ్' అని పేరు పెట్టింది. ప్రపంచానికి లతీఫాగా తెలిసినా, అమ్మానాన్నలు పెట్టిన పేరును దాచుకోలేదన్నమాట. 2006లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో నక్షత్రం అందుకున్న మొదటి హిప్ హాప్ కళాకారిణి అయింది. 2015లో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్‌గా 'బెస్సీ'లో నటించింది. ఆ గాయనిని 'బ్లూస్ మహారాణి' అనేవారు. ఒక రాణి మరొక మహారాణి వేషం కట్టిందన్నమాట! నిర్మాతల్లో ఒకరిగా దానికి ఎమ్మీ బహుమతి కూడా అందుకుంది. 1980లలో మగ నటుడు చేసిన 'ఈక్వలైజర్' టీవీ కథను తిరగరాసినప్పుడు ప్రధాన పాత్ర ఆమెదే. అది 2021 నుంచి 2025 వరకు నడిచింది.

2023 హిప్ హాప్‌కు యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం. ఆ ఏడాదే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆమె మొదటి ఆల్బమ్‌ను భద్రపరచవలసిన జాతీయ ధ్వనుల జాబితాలో చేర్చింది. డిసెంబరులో కెన్నెడీ సెంటర్ గౌరవం కూడా దక్కింది. 19 ఏళ్ళ పిల్ల తనను తాను రాణి అనుకుంటే నవ్వినవాళ్ళు ఉండవచ్చు. 34 ఏళ్ళ తరువాత దేశం కూడా అదే మాట అంది.

పెద్దలకు ఒక మాట

పిల్లలు వినే పాట ఒక్కటైనా వారితో కూర్చుని వినండి. ఏ మాట మీకు నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో చెప్పండి. 'ఆపు ఆ గోల' అంటే వినడం ఆగదు, మనకు వినబడకుండా వింటారు. మంచి మాట ఏదో, చెడ్డ మాట ఏదో పోల్చుకోగల చెవి ఇవ్వడమే మనం చేయగలిగింది. ఆ చెవి తెలుగు పద్యానికీ పనికొస్తుంది, ర్యాప్‌కూ పనికొస్తుంది.

పదాలు – అర్థాలు

నుడికారం: ఒక భాషకే ప్రత్యేకమైన మాట తీరు
ఆశువు: అప్పటికప్పుడు అల్లి చెప్పిన కవిత
అంత్యప్రాస: పంక్తి చివరి అక్షరాలు కలవడం
ఊనిక: మాట మీద వేసే బలం
నిలదీయడం: ఎదురుగా నిలిచి సమాధానం అడగడం

ప్రశ్నలు

1. 'లతీఫా' అనే పేరుకు అర్థమేమిటి? ఆమె ఆ పేరు ఎలా ఎంచుకుంది?
2. 'పేరు పెట్టడం', 'పేర్లు పెట్టడం' అన్నవాటికి తేడా ఏమిటి? ఒక్కొక్కటి సొంత వాక్యంలో వాడండి.
3. మన పద్యాల ప్రాసకు, అంత్యప్రాసకు భేదం చెప్పండి.
4. 'యూనిటీ' పాట ఎవరెవరిని ప్రశ్నించింది?

ఇంటి పని

అ) మీకు ఈ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి పది వాక్యాలు తెలుగులో రాయండి.
ఆ) మీ పేరుతో మొదలయ్యేలా, అంత్యప్రాస కుదిరేలా నాలుగు పంక్తులు రాసి, చప్పట్ల తాళం మీద తరగతిలో చెప్పండి. ఎవరినీ నొప్పించే మాట ఉండకూడదు. మీ పేరు మాత్రం స్పష్టంగా, పూర్తిగా వినబడాలి.