పరీక్ష ఇద్దరికీ

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. గాలి మంచివాళ్ళను ఏరి విడిచిపెట్టలేదు. అయితే అల్లాహ్ వారిని అవమానించినట్టా?

కానే కాదంటోంది దివ్యఖుర్ఆన్. సంపద కలిగితే ప్రభువు గౌరవించాడనీ, ఉపాధి తగ్గితే అవమానించాడనీ మనిషి అనుకుంటాడు. రెండూ పరీక్షలే (అల్ ఫజ్ర్ 89:15-18). ఆ వెంటనే అల్లాహ్ నిలదీసేది బాధితుణ్ణి కాదు. అనాథను ఆదరించనివారిని, పేదవాడి అన్నం సంగతి పట్టించుకోనివారిని.

అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) ఎంతో బాధపడ్డారు. సహనశీలుడైన మంచి దాసుడని అల్లాహ్ ఆయన్ని మెచ్చుకున్నాడు (38:44).

సోదరులారా, గాలివానకు కప్పు ఎగిరిన ఇంటి ముందు నిలబడి "ఏం పాపం చేశారో" అనకండి. లోపలివారికి అది సహన పరీక్ష. గుమ్మంలో నిలబడ్డ మనకు, చేతిలో ఉన్నది ఇచ్చే పరీక్ష.